జాతిని బట్టి గుణం ఉంటుందా?



మన సైన్సు గది వరండాలో గినీ పిగ్గులను పెంచాలని జీవశాస్త్రం మేడం అనుకుంటున్న సంగతి అందరికీ తెలిసిందే. ఏ జాతివి తేవాలి అనే దాని మీద వారం నుంచి ఒకటే వాదన. భోజనాల వరుసలో అదే మాట, బోరింగు దగ్గర అదే మాట, లైట్లు ఆర్పినాక కూడా అదే మాట. పదో తరగతి అక్కలు పొడుగు జుట్టు పెరూవియన్ కావాలంటున్నారు, అందంగా ఉంటుందట. మా తరగతిలో సగం మంది అబిస్సీనియన్ అంటున్నారు, అది అల్లరి చేస్తుందట. మిగతా సగం అమెరికన్ అంటున్నారు, అది నెమ్మదిదట, కరవదట. ఆరో తరగతి పిల్లలు మాత్రం ఏదైనా సరే తొందరగా తెమ్మంటున్నారు. నా అభిప్రాయం ఆరో తరగతి వాళ్ళకే దగ్గరగా ఉంది. జాతి పేరు చూసి గుణం చెప్పొద్దు, జాతి పేరు చూసి ఎంచుకోవద్దు అని నేను అంటాను. ఎందుకో రాస్తాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

గినీ పిగ్గును చూడని వాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. అది పంది కాదు. గినీ దేశంలో పుట్టిందీ కాదు. ఎలుక, ఉడుత మాదిరి కొరికే జంతువు, పండ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. తోక కనపడదు. ముందు కాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనక కాళ్ళకు మూడేసి వేళ్ళు. పెద్దదైతే ఇంచుమించు కిలో తూగుతుంది. బాగా చూసుకుంటే ఐదు నుంచి ఎనిమిదేండ్లు బతుకుతుంది. కుందేలు పిల్ల కండ్లు మూసుకొని, ఒంటిమీద వెంట్రుక లేకుండా పుడుతుంది కదా, ఇది అట్ల కాదు. తల్లి కడుపులో రెండు నెలల పైన ఉండి, కండ్లు తెరుచుకొని, వెంట్రుకలతో, పండ్లతో పుడుతుంది. పుట్టిన పూటే పరిగెత్తుతుంది.

దీని సొంత ఊరు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు, ఇప్పటి పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాలు ఉన్న చోటు. అక్కడి ఆదివాసులు వేల ఏండ్ల నుంచి వంటింట్లో పొయ్యి పక్కన దీన్ని పెంచుకుంటున్నారు, మనం కోళ్ళను పెంచుకున్నట్టు కూరకే. వాళ్ళు దీన్ని 'కూయ్' అంటారు. అరుపు కూడా ఇంచుమించు అట్లే వినపడుతుంది. 16వ శతాబ్దంలో యూరపు వాళ్ళు ఓడల్లో తీసుకుపోయి ఇంకో పేరు పెట్టినారు. పెంచినోళ్ళు పెట్టిన పేరు వాళ్ళ కొండల్లోనే ఉండిపోయింది, తీసుకపోయినోళ్ళు పెట్టిన పేరు మన ఆళ్ళగడ్డ దాకా వచ్చింది.

ఇక జాతుల సంగతి. మేడం ఇచ్చిన పుస్తకంలో బొమ్మలు చూసినప్పుడు నాకు మొదట తోచింది ఇది: ఈ జాతులన్నీ వెంట్రుకల లెక్కే. పొట్టిగా నున్నగా ఉంటే అమెరికన్. (దాన్నే ఇంగ్లండులో ఇంగ్లీష్ అంటారట. సముద్రం దాటేసరికి జాతి పేరు మారింది, జంతువుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.) ఒంటిమీద వెంట్రుకలు సుడులు సుడులుగా లేస్తే అబిస్సీనియన్. పొడుగ్గా పెరిగి ముఖం మీద కూడా పడితే పెరూవియన్. పొడుగ్గా ఉండి వెనక్కి పోతే షెల్టీ. పొట్టిగా ఉండి బిరుసుగా నిక్కితే టెడ్డీ. పొడుగ్గా రింగులు తిరిగితే టెక్సెల్. అసలు వెంట్రుకలే లేనట్టు ఉంటే స్కిన్నీ. లోపల గుండె, కడుపు, పేగులు అన్నీ ఒకటే.

అయినా ఆ పుస్తకంలో ప్రతి బొమ్మ కింద గుణం కూడా రాసి ఉంది. ఇది శాంతం, ఇది చురుకు, ఇది బిడియం అని. వెంట్రుక సుడి తిరిగితే బుద్ధి కూడా సుడి తిరుగుతుందా? మన హాస్టల్లో ఇదే పని చేస్తే ఎట్లుంటుందో చూడండి. రింగుల జుట్టు వాళ్ళంతా అల్లరోళ్ళు. నూనె పెట్టి రెండు జడలు వేసుకున్నోళ్ళంతా నెమ్మది. పేలు పడి గుండు చేయించుకున్నోళ్ళంతా బిడియం గలోళ్ళు. పోయిన ఎండాకాలం గుండు చేయించుకున్న ఆరుగురిలో ముగ్గురు చింతచెట్టు ఎక్కి తిట్లు తిన్నారు. పేర్లు రాయను.

నేను పుస్తకం చూసి మాత్రమే ఈ మాట అనడం లేదు. సైన్సు ప్రదర్శనకు నంద్యాలకు పోయినప్పుడు మేడం మా నలుగురిని పెంపుడు జంతువుల అంగడికి తీసుకుపోయినారు. ముందు గాజు తొట్లలో చేపలు, పైన పిట్టలు, కింద కుందేళ్ళు, వెనక గోడకు గినీ పిగ్గులు. అంగడి అన్న ఒక్కో బోను చూపించి గుణం చెప్పినాడు. "ఇది అబిస్సీనియన్, ఒక చోట నిలవదు. ఇవి అమెరికన్, ఎత్తుకుంటే బొమ్మ మాదిరి కూర్చుంటాయి." మేడం ధర మాట్లాడినంతసేపు నేను బోనుల ముందు కింద కూర్చున్నాను. అర్ధగంట అయ్యింటుంది.

నిలవదు అన్న సుడుల జుట్టుది నీళ్ళ సీసా పక్కన కదలకుండా కూర్చుంది. రోడ్డు మీద బస్సు హారను కొడితే ఒక చెవి కదిలించింది, అంతే. బొమ్మ మాదిరి కూర్చుంటాయి అన్న నున్న జుట్టువి నాలుగు ఉన్నాయి. ఒకటి మిగతా వాటి వీపుల మీద తొక్కుకుంటా పోయింది. ఒకటి ప్లాస్టిక్ సంచి గలగలమనగానే వెనక కాళ్ళ మీద లేచి, కమ్మీ పట్టుకొని, కూయ్ కూయ్ అని అంగడంతా వినపడేట్టు అరిచింది. ఒకటి ఉన్నట్టుండి నాలుగు కాళ్ళతో పైకి ఎగిరి గాల్లోనే మెలిక తిరిగి పడింది, మళ్ళీ ఎగిరింది. పెనం మీద పేలాలు ఎగిరినట్టు ఉంటుంది చూసేదానికి. సంతోషం పట్టలేక అట్ల ఎగురుతాయని మేడం తర్వాత చెప్పినారు. నాలుగోది మూలలో తల పెట్టుకొని మాకు వీపు చూపించి ఉంది.

ఆ నాలుగూ ఒకే ఈతలో పుట్టిన పిల్లలని అన్నే చెప్పినాడు. ఒకే జాతి, ఒకే తల్లి, ఒకే బోను, ఒకే గడ్డి.

మూలలో దాని గురించి అడిగితే, "అది మొద్దుదమ్మా, ఎవరూ తీసుకోరు. జత వెయ్యి చెబుతున్నా, అది కావాలంటే రెండువందలకే ఇస్తా" అన్నాడు. నేను ఒక గడ్డి పోచ కమ్మీల సందులోంచి పెట్టి చెయ్యి కదిలించకుండా ఉన్నాను. గమ్మున ఉండడం మా చెంచు పిల్లలకు ఎవరూ నేర్పక్కరలేదు, అడవిలో అదే మొదటి పాఠం. మొదట ఎగిరేది వచ్చి పోచ తినిపోయింది. నేను ఇంకోటి పెట్టినాను. చానా సేపటికి మూలది తల తిప్పింది. ముక్కు ఆడించింది. ఒక అడుగు వేసి ఆగింది. మిగతా మూడూ సంచి దగ్గరికి పోయినంక వచ్చి, పోచ చివర పట్టుకొని లాక్కొని, మళ్ళీ మూలకే పోయి నిదానంగా తినింది. మొద్దుది అయితే మిగతావి ఎప్పుడు అవతలికి పోతాయో లెక్క ఎట్ల వేసింది?

మా గూడెం అహోబిలం అవతల, నల్లమలలో. మా అబ్బకు రెండు కుక్కలు ఉండేవి. అవి కూడా ఒకే ఈత పిల్లలు. నల్లది ముందు నడిచేది. తేనెకు పోయినప్పుడు ఎలుగుబంటి కనపడితే పొదలోకి దూరి మొరిగేది. ఎర్రది అబ్బ కాళ్ళ వెనక వచ్చేది. చూసినోళ్ళంతా ఎర్రదాన్ని పిరికిదని నవ్వేవాళ్ళు. అబ్బ మాత్రం రెండిటినీ పిలుచుకొని పోయేవాడు. నల్లది ఎలుగుబంటిని చూసినాక మొరుగుతుంది, ఎర్రది చూడక ముందే వాసనకే నిలబడిపోతుంది. "అది ఆగితే నేను ఆగుతా" అనేవాడు. అబ్బ ఒంటిమీద ఎలుగుబంటి గోరు గాయం ఒక్కటి కూడా లేదు. మా గూడెంలో ఆ మాట అనగలిగే ముసలోళ్ళు ఎక్కువ మంది లేరు.

మా అవ్వ మేకలకు రంగు పేర్లు పెట్టదు. అలిగేది, అడిగేది, దొంగది, పెద్దమనిషి అని పెడుతుంది. ఆళ్ళగడ్డలో మేకను అమ్మేటప్పుడు కొనేవాడు పండ్లు చూస్తాడు, నడుము మీద చెయ్యి పెట్టి కండ చూస్తాడు, రంగు చూస్తాడు. గుణం అడగడు. అవ్వ అడగకున్నా చెబుతుంది, "ఇది అలుగుతాది నాయనా, కొత్త చోటికి పోతే రెండు పొద్దులు మేయదు, కొట్టొద్దు" అని. ఆయన నవ్వి డబ్బులు లెక్కపెడతాడు. గొర్రెల్లో కూడా అంతే. నెల్లూరు గొర్రెల్లో ఒళ్ళంతా తెల్లగా ఉంటే పల్ల, ముఖం మీద నల్ల మచ్చలు ఉంటే జోడిపి, ఎర్రగా ఉంటే బ్రౌన్ అంటారు. అవీ రంగు పేర్లే.

కోస్తాలో సంక్రాంతి కోడిపందేలకు ఇంకా పెద్ద లెక్క ఉంది. డేగ, కాకి, నెమలి, పర్ల అని ఈక రంగు చూసి, ఏ పొద్దు ఏ రంగు పుంజు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం చూసి డబ్బులు కాస్తారట. ఆ శాస్త్రం అంత నిజమైతే ఒక్కరు కూడా పోగొట్టుకోకూడదు కదా. పుంజు ఆ శాస్త్రం చదవలేదు, అదే తంటా.

మన అహోబిలంలో నరసింహస్వాములు తొమ్మిది మంది. ఒకే స్వామి, తొమ్మిది చోట్ల తొమ్మిది తీర్లు. జ్వాలా నరసింహుడు మండిపడుతూ ఉంటాడు. యోగానంద నరసింహుడు యోగంలో కూర్చుంటాడు. ఛత్రవట నరసింహుడు చెట్టు నీడన గంధర్వుల పాట వింటా నవ్వుతుంటాడు. మాలోలుడు లక్ష్మీదేవితో శాంతంగా ఉంటాడు. సింహం ముఖం ఉంది కాబట్టి ఎప్పుడూ కోపమే అని మా అవ్వ దగ్గర అనండి, ఏం చెబుతుందో చూడండి. మా చెంచులక్ష్మిని చేసుకున్నది ఆ స్వామే.

ఈ గినీ పిగ్గుల మీదే ఒక శాస్త్రవేత్త చేసిన పని గురించి మేడం చెప్పినారు. అది నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు 1906లో గినీ పిగ్గులను అన్నాచెల్లెళ్ళకే జతకట్టించి, తరతరాలు ఒకే రక్తం ఉండేట్టు పెంచడం మొదలుపెట్టినారు. సీవాల్ రైట్ అనే ఆయన వాటిని చానా ఏండ్లు చూసి 1920లో ఒక వ్యాసం రాసినాడు. అన్ని తరాలు అట్ల పెంచినా ఒకే కుటుంబంలో పిల్లల ఒంటిమీద తెల్ల మచ్చలు ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి లేవు. ఒకదానికి తెలుపు ఎక్కువ, ఒకదానికి తక్కువ. రక్తం ఒకటే, తిండి ఒకటే, చోటు ఒకటే. మరి తేడా యాడ నుంచి వచ్చింది? కడుపులో పెరిగేటప్పుడే జరిగిపోయే చిన్న చిన్న తేడాల నుంచి, అవి తల్లిదండ్రుల నుంచి వచ్చేవీ కావు, మనం బయట నుంచి పెట్టేవీ కావు అని ఆయన తేల్చినాడు. కండ్లకు కనపడే మచ్చే జాతి మాట వినకపోతే, కనపడని గుణం వింటుందని ఎట్ల చెప్పగలం?

ఇంత చిన్న జంతువు కోసం ఇంత రాయాలా అని మీరు అనుకోవచ్చు. 'జాతి' అనే మాట మనకు కుక్కలకే కాదు, మనుషులకూ ఒకటే ఉంది. అందుకే రాస్తున్నాను.

నన్ను బడిలో చేర్పించేదానికి మా నాయన మొదటిసారి తిరిగినప్పుడు ఒక చోట ఒకాయన అన్నాడు, "చెంచు పిల్లలు నిలవరయ్యా, వారం తిరక్కుండా అడవికి పోతారు, సీటు దండగ" అని. ఆయన నా పేరు అడగలేదు. జాతి అడిగినాడు, గుణం చెప్పినాడు, అంగడి అన్న మాదిరే. మా నాయనకు చదువు రాదు, మా ఇంట్లో అక్షరం నేర్చింది నేనే మొదలు. ఆయన ఏం బదులు చెప్పాలో తెలియక తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు. తర్వాత నన్ను, మా చిన్నాయన కూతుర్ని ఇద్దరినీ ఇంకో బడిలో చేర్పించినారు. ఆమె నిజంగానే పది రోజులకు పోయింది. నేను పోలేదు. ఒకే గూడెం, ఒకే అవ్వ చేతి అంబలి తాగినోళ్ళం. ఆమె పోయినందుకు చెంచు పిల్ల కాబట్టి పోయింది అన్నారు. మరి నేను ఉన్నందుకు చెంచు పిల్ల కాబట్టి ఉంది అని ఎవరూ అనలేదు. ఎందుకు పోతున్నావని ఆమెను ఎవరూ అడగలేదు. నాకు చెప్పింది. రాత్రి తలుపులన్నీ మూసి గొళ్ళెం పెడితే ఊపిరి ఆడనట్టు ఉంటుందట. కిటికీ పక్కన మంచం ఇచ్చింటే ఉండేదేమో. ఇప్పుడు ఆమె ఉసిరికాయలు ఏరి జీసీసీ డిపోకు వేస్తుంది. లెక్కల్లో నాకంటే గట్టిది.

మన బడిలో చెంచులం ఉన్నాం, సుగాలీలు ఉన్నారు, యెరుకల, యానాది పిల్లలు ఉన్నారు. సుగాలీలు గట్టిగా మాట్లాడతారు, చెంచులు నోరు విప్పరు అని మనమే ఒకరినొకరం అనుకుంటాం. మా గదిలో అందరికంటే గట్టిగా మాట్లాడేది ఒక చెంచు పిల్ల, నిద్రలో కూడా. మాకు సర్కారు కాగితాల్లో ఇంతకు ముందు 'ఆదిమ' తెగలు అని పేరు ఉండేది. 2006లో ఆ మాట తీసేసి 'ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలు' అన్నారు. మొదటిది విన్నా రెండోది విన్నా నేను ఎట్లాంటి దాన్నో మీకు తెలియదు.

పేపర్లో 'గినీ పిగ్గులు' అనే మాట ఇంకో అర్థంలో వస్తుంది. మందులు, టీకాలు ముందు వాటి మీద వేసి చూస్తారు కాబట్టి, ఎవరి మీదైనా చెప్పకుండా ప్రయోగం చేస్తే గినీ పిగ్గులను చేసినారు అంటారు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలు వేలమందికి హెచ్‌పీవీ టీకా వేసినారు. అందులో చానా మంది మన మాదిరి ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ళ ఆదివాసీ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేసినారు. అమ్మానాయన సంతకం పెట్టాల్సిన కాగితాల మీద చానా చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టినారని బయటపడింది. 2013లో పార్లమెంటు కమిటీ కూడా దాన్ని తప్పుపట్టింది. టీకా చెడ్డదని నేను అనడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా అది కాపాడుతుందని మేడం చెప్పినారు, నాకు వేస్తామంటే వేయించుకుంటాను. కానీ నన్ను అడగాలి, మా అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పాలి. అంతమంది పిల్లలకు కలిపి ఒకే సంతకం సరిపోతుంది అని ఎందుకు అనిపించింది? ఆ పిల్లలంతా ఒకటే అనుకున్నందుకే. అప్పుడు నా వయసే ఉన్న పిల్లలు వాళ్ళు.

సరే, మళ్ళీ వరండా దగ్గరికి వస్తాను. జాతికి అసలు పనే లేదని నేను అనను. అడవిలో తిరిగే దీని చుట్టాల కంటే ఇండ్లలో పెరిగినవి మొత్తం మీద సాధువే, వేల ఏండ్లు మనుషుల దగ్గర ఉన్నాయి కదా. జుట్టు పొడుగా పొట్టా అనేది కూడా మనం చూడాల్సిందే, కానీ గుణం కోసం కాదు, ఎండ కోసం. గినీ పిగ్గుకు 18 నుంచి 24 డిగ్రీలు హాయిగా ఉంటుంది. 30 దాటితే వడదెబ్బ భయం. మనకు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. పొడుగు జుట్టు పెరూవియన్‌ను తెచ్చి ఈ ఎండలో పెట్టడం ఉన్ని రగ్గు కప్పి ఎండలో నిలబెట్టినట్టే. దాని జుట్టు రోజూ దువ్వాలి, లేకుంటే చిక్కుపడి మలం అంటుకొని పుండ్లు పడతాయి. పదో తరగతి అక్కలకు పరీక్షలు ఉన్నాయి, వాళ్ళ జడలే చెల్లెళ్ళు వేస్తున్నారు. కాబట్టి పొట్టి జుట్టువి తెద్దాం. సుడులున్నా సరే, లేకున్నా సరే.

ఒక్కదాన్ని తేవొద్దు. అవి గుంపులో బతికే జంతువులు. స్విట్జర్లాండులో 2008లో వచ్చిన చట్టం ప్రకారం ఇట్లాంటి జంతువును ఒంటరిగా పెంచడం నేరం. రెండు తేవాలి, రెండూ ఆడవే తేవాలి, లేకుంటే సంవత్సరం తిరిగేసరికి వరండా చాలదు. నేను అడిగేది ఏమంటే, కమ్మీ పట్టుకొని అరిచే దాన్ని, మూలలో దాన్ని, ఆ రెండిటినీ తెద్దాం. మూలది రెండువందలకే వస్తుంది, మేడంకు ఖర్చు కూడా తక్కువ. (ఖర్చు కోసమే అనుకుంటే అట్లే అనుకోండి.) తెచ్చినాక మొదటి వారం ఎవరూ ఎత్తుకోవద్దు. ఆరో తరగతి పిల్లలకు ఇది కష్టం, అయినా తప్పదు. మట్టి కుండను పక్కకు పడుకోబెడితే లోపల చల్లగా ఉంటుంది, దాక్కునేదానికి కూడా పనికొస్తుంది. రెండు కుండలు పెట్టాలి, ఒక్కటే పెడితే అరిచేది దాన్ని ఆక్రమించుకుంటుంది.

తిండికి ఇబ్బంది లేదు. ఎండు గడ్డి ఎప్పుడూ ఉండాలి, పండ్లు అరిగేదానికి. పచ్చి గరిక, కొత్తిమీర వేయొచ్చు. మనుషుల మాదిరే దాని ఒంట్లో సి విటమిన్ తయారు కాదు, తిండిలోనే పెట్టాలి. జామకాయ ముక్క, చిన్న ఉసిరి ముక్క చాలు. ఉసిరి మా గూడెం నుంచి నేను తెస్తాను. వంటింట్లో మిగిలిన అన్నం, సాంబారు, బిస్కెట్లు వేయొద్దు.

ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఏ జాతి అని వారం నుంచి కొట్లాడుతున్నాం, వేసవి సెలవులకు మనం ఇండ్లకు పోతే వాటిని ఎవరు చూస్తారు? బడి దగ్గర ఊర్లో ఉండే చెల్లెళ్ళు ఇద్దరు ముందుకొస్తే తప్ప తేవడమే వద్దని నా అభిప్రాయం. ఎండాకాలం తాళం వేసిన వరండాలో అవి చావడం కంటే అంగడిలో ఉండడమే నయం.

పెంచడం మొదలైతే ఒక నోటుబుక్కు పెడదాం. అందులో జాతి పేరు రాసే గడి ఉండదు. పొద్దున ముందు ఎవరు బయటికి వచ్చింది, సంచి శబ్దానికి ఎవరు అరిచింది, ఎవరు ఎవరి పక్కన పడుకుంది, చెయ్యి పెడితే ఎన్ని నిమిషాలకు వచ్చింది అని తేదీ వేసి రాయాలి. పేర్లు కూడా నెల తర్వాత పెడదాం, మా అవ్వ మేకలకు పెట్టినట్టు.

ఈ కాగితం కింద జాగా వదిలినాను, పెన్సిలు దారానికి కట్టినాను. గరిక కోసే వాళ్ళు వారం పేరు పక్కన మీ పేరు రాయండి. ఆదివారం నాది. సెలవుల్లో చూసుకునే వాళ్ళు పేరు కింద గీత గీయండి. మూలలో దాన్ని కూడా తేవాలి అనే వాళ్ళు చుక్క పెట్టండి. ఇప్పటికి మూడు చుక్కలు ఉన్నాయి, అందులో ఒకటి వంటమ్మది.

ఇట్లు,
9వ తరగతి అమ్మాయి